రెండు సూర్యోదయాల విమానం

పెర్త్ నుంచి లండన్‌కి 14,498 కిలోమీటర్లు. ఎక్కడా దిగకుండా 17 గంటల పైచిలుకు ప్రయాణం. 2018 మార్చిలో క్వాంటాస్ ఈ సర్వీసు మొదలుపెడితే లోకమంతా అబ్బో అంది. ఇందులో సగం దూరం కూడా లేని దారిలో, ఇదే పెర్త్ నుంచి, ఇదే కంపెనీ ఒకప్పుడు మనుషుల్ని దాదాపు 30 గంటలు గాల్లో ఉంచిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆ రోజులకు ముందు సిడ్నీ నుంచి ఇంగ్లండ్‌కి గాల్లో వెళ్లాలంటే నీళ్లమీద వాలే పెద్ద విమానాలే ప్రధాన దారి. మజిలీ మజిలీకీ ఆగుతూ తొమ్మిది పది రోజులకు చేర్చేవి. రెండో ప్రపంచ యుద్ధం నడుమ, 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైంది. దాంతో ఆ దారి నడిమికి తెగింది. మిగిలింది హిందూ మహాసముద్రం. పెర్త్‌లో స్వాన్ నది మీంచి లేస్తే సిలోన్‌లో గాలే దగ్గరి కొగ్గల సరస్సులోనే వాలాలి. 5,600 కిలోమీటర్లకు పైమాటే.

1943లో మొదలైన ఈ క్వాంటాస్ సర్వీసుకి దొరికినవి నీళ్లమీద వాలే ఐదు కాటలినా విమానాలు. వాటి వేగం గంటకు 200 కిలోమీటర్ల చిల్లర. అయితేనేం, ఎంతసేపైనా ఎగురుతాయి, ఇంధనం ఉండాలే గానీ. అందుకని లోపల అదనపు ట్యాంకులు బిగించారు. బరువనిపించినదాన్నల్లా పీకేశారు. ఇంత చేశాక మిగిలిన చోటు ముగ్గురు ప్రయాణికులకీ, 69 కిలోల ఉత్తరాలకీ సరిపోయింది. మోయగలిగినదానికి మించిన బరువుతో లేవడం వల్ల, మొదటి కొన్ని గంటల్లో ఒక ఇంజన్ ఆగిందంటే రెండోది విమానాన్ని గాల్లో నిలబెట్టలేదు. ట్యాంకులు ఖాళీ అయ్యేకొద్దీ ధైర్యం పెరిగే విచిత్రమైన ప్రయాణమది.

జపాన్ విమానాలు తిరిగే మేరను చీకట్లోనే దాటాలి. రేడియో మూగనోము పట్టాలి. నక్షత్రాలు చూసి దారి లెక్కకట్టాలి. కెప్టెన్ రసెల్ టాప్ లాంటివాళ్లు నడిపిన ఈ సర్వీసులో ఒక ట్రిప్పు ఏకంగా 32 గంటల 9 నిమిషాలు సాగింది. దిగేలోపు సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు. అందుకే ప్రయాణికులకు ‘రెండు సూర్యోదయాల రహస్య సంఘం’ సభ్యత్వ పత్రం చేతికిచ్చేవారు. యుద్ధంలోనూ ఈ సరదా ఏమిటో! 1945 జులైలో ఆపేసేదాకా 271 సార్లు సముద్రం దాటారు, ఒక్క ప్రాణమూ పోలేదు.

ఈనాటి జెట్ అయితే ఆ దూరాన్ని ఏడు గంటల్లో ముగిస్తుంది. కానీ క్వాంటాస్ మనసు ఇప్పుడు సిడ్నీ–లండన్ మీద ఉంది. సుమారు 17,000 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా. ఆ పథకానికి పెట్టుకున్న పేరు ప్రాజెక్ట్ సన్‌రైజ్. 2019లో ప్రయోగంగా లండన్ నుంచి సిడ్నీకి ఒక విమానం నడిపితే 19 గంటల 19 నిమిషాలు పట్టింది. అసలు సర్వీసు కోసం ఎయిర్‌బస్‌కి చెప్పి ఏ350లో 20,000 లీటర్ల అదనపు ట్యాంకు పెట్టిస్తున్నారు, సీట్లు 238కి తగ్గించి.