రచ్చబండ ముచ్చట

గ్రామమధ్యమున వేప లేక రావిచెట్టు నీడను ఇరుగుపొరుగువారు కూర్చుండి మాటలాడుకొను అరుగు రచ్చబండ. నెల్లూరు జిల్లాయందలి జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు పరిసరములందు వర్షము అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును గావున, మబ్బు ఏ దిక్కున పట్టినది, చెరువు ఎంత నిండినది, ఎవరి గొడ్డు చూలుతో నున్నది అను ప్రశ్నలతో మొదలైన సంభాషణ, క్రమముగా పొలిమేర దయ్యములకును, రెండు తలల దూడకును, 1514లో శ్రీకృష్ణదేవరాయలు జయించిన ఉదయగిరి దుర్గమందలి నిక్షేపములకును ప్రాకును. ఇట్టి వింతలన్నియు కల్పితములని త్రోసిపుచ్చుట అన్యాయము. ఒంగోలు జాతి పశువులు సముద్రములు దాటి, నెల్లూరు పేరిటనే ‘నెలోర్’ అను జాతియై బ్రెజిలు దేశమున వర్ధిల్లుచుండుట వానికేమియు తీసిపోని యథార్థము. అధ్యక్షుడు లేని ఈ సభయందు వృద్ధుల అనుభవమునకు పంచాంగముతో సమానమైన గౌరవము కలదు. గ్రామజ్ఞానము తరము నుండి తరమునకు సంక్రమించినది ముఖ్యముగా ఇచ్చటనే. 2009లో రాష్ట్రప్రభుత్వము సంకల్పించిన ప్రజాసమస్యల కార్యక్రమమునకును ‘రచ్చబండ’ అనియే పేరిడబడినది.