జీతం ఎగ్గొట్టిన ఓడను కోర్టు ఆపగలదు.. ఎలా అడగాలి? గడువు ఎంత?

మీ అబ్బాయి మర్చంట్ నేవీలో పనిచేస్తున్నాడనుకోండి. ఓడ మీద పనామా జెండా, యజమాని ఉండేది గ్రీసులో. ఆరు నెలలుగా జీతం రాలేదు. భట్టిప్రోలులో ఉన్న మీరు ఎవరి మీద కేసు వేయాలి? చట్టం ఇచ్చే సమాధానం: ఓడ మీదే. అది మన రేవుకు వచ్చినప్పుడు హైకోర్టు దాన్ని అరెస్టు చేయగలదు. బకాయికి హామీ కట్టేదాకా అది కదలదు.

సముద్ర వివాదాలను విచారించే ఈ అధికారాన్నే అడ్మిరాల్టీ పరిధి అంటారు. నిజాంపట్నం నుంచి వేటకు వెళ్లే మత్స్యకారులకూ ఇది పనికొస్తుంది.

ఈ హక్కు ఎలా వచ్చింది?

దీనికి మూలమైన కేసు మన విశాఖపట్నంలోనే మొదలైంది. 1984 ఫిబ్రవరిలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మర్మగోవా రేవు నుంచి సరుకుతో బయల్దేరింది. సరుకు పంపిన సంస్థ చెప్పినదానికి విరుద్ధంగా విదేశంలో దాన్ని అప్పగించేసింది. అదే ఓడ ఏప్రిల్‌లో విశాఖ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో అరెస్టు చేశారు.

యజమాని వాదన ఏమిటంటే, బ్రిటిష్ కాలపు 1861 చట్టం ప్రకారం దేశంలోకి వచ్చే సరుకు వివాదాలనే విచారించాలి, బయటికి వెళ్లే సరుకుతో మీకు పనిలేదని. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు దీన్ని తోసిపుచ్చింది. పాత చట్టం మన హైకోర్టుల చేతులు కట్టేయలేదని తేల్చింది. పార్లమెంటు 2017లో కొత్త అడ్మిరాల్టీ చట్టం చేసింది. అది 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఏ కోర్టుకు వెళ్లాలి?

ఓడను ఆపే అధికారం తెనాలి, రేపల్లె కోర్టులకు లేదు. హైకోర్టుకే వెళ్లాలి. అదీ మీరున్న చోటును బట్టి కాదు, ఓడ ఉన్న చోటును బట్టి. విశాఖలోనో, కాకినాడలోనో, కృష్ణపట్నంలోనో ఉంటే అమరావతిలోని హైకోర్టు. చెన్నైలో ఉంటే మద్రాస్ హైకోర్టు. ఆ తీరానికి చెందిన ప్రాదేశిక జలాల్లో ఉన్నా చాలు. కృష్ణా నదిలో తిరిగే లోతట్టు జలరవాణా పడవలకు మాత్రం ఈ చట్టం మామూలుగా వర్తించదు.

గడువు ఎంత?

చాలామంది నష్టపోయేది ఇక్కడే.

• సిబ్బంది జీతం, ఇంటికి చేర్చే ఖర్చు: చెల్లించాల్సిన తేదీ నుంచి 2 ఏళ్లు
• ఓడ నడక వల్ల ప్రాణనష్టం, గాయాలు: 1 ఏడాది
• ఓడ ఢీకొని పడవ, వలలు దెబ్బతింటే: 1 ఏడాది

ఈ హక్కులు ఓడనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఓడను అమ్మేసినా, జెండా మార్చినా పోవు. కోర్టు ఓడను వేలం వేస్తే ఈ హక్కుల్లో మొదటి స్థానం సిబ్బంది జీతాలదే. ఓడపై అప్పిచ్చిన బ్యాంకు కూడా ఆ తర్వాతే. అయితే గడువులోగా ఓడను అరెస్టు చేయించాలి. నోటీసు ఇచ్చి ఊరుకుంటే ఈ ప్రత్యేక హక్కు నిలవదు.

ఆ ఓడ మళ్లీ రాకపోతే?

అదే యజమానికి చెందిన మరో ఓడను ఆపమని అడగొచ్చు. 2025 మేలో కేరళ తీరంలో 640 కంటైనర్లతో ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగిపోయింది. కేరళ ప్రభుత్వం రూ. 9,531 కోట్ల పరిహారం కోరింది. ఆ కేసులో కేరళ హైకోర్టు విళింజం రేవులో ఉన్న ఎంఎస్‌సీ అకిటేటా 2ను అరెస్టు చేయించింది.

అయితే ప్రతి ఓడనూ పట్టుకోవడం కుదరదు. గుజరాత్ తీరంలో సర్వే పనికి చేపల ట్రాలర్లను సమకూర్చినవారు, బకాయి కోసం జియోవేవ్ కమాండర్ అనే ఓడను ఆపాలన్నారు. బాకీ పడ్డ సంస్థ ఆ ఓడను అద్దెకు తీసుకుందే తప్ప దాని యజమాని కాదు. అందుకే 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నిజాంపట్నంలో మీ బోటును ఏదైనా కంపెనీకి అద్దెకిస్తున్నారా? డబ్బు ఎవరివ్వాలో, వాళ్లకు సొంత ఓడ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడే ఏం చేయాలి?

• ఓడ ఐఎంఓ నంబరు రాసిపెట్టుకోండి. ఏడంకెల ఈ నంబరు, ఓడ పేరు మారినా మారదు.
• మెరైన్ ట్రాఫిక్ వంటి యాప్‌లో ఓడ ఎక్కడుందో, ఏ రేవుకు వస్తోందో చూస్తుండండి.
• ఉద్యోగ ఒప్పందం, సీడీసీ, జీతం స్లిప్పులు, కంపెనీతో జరిగిన వాట్సాప్ సంభాషణలు భద్రపరచండి.
• ముంబైలోని డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్‌కు ఫిర్యాదు పంపండి. ఉద్యోగం ఇప్పించిన ఏజెంటుకు అక్కడి లైసెన్సు ఉండాలి.
• రెండు నెలలు జీతం ఆగితే బీమా సంగతి అడగండి. అంతర్జాతీయ నావికుల ఒప్పందం వర్తించే ఓడల్లో, సిబ్బందిని గాలికొదిలేస్తే నాలుగు నెలల జీతం దాకా బీమా నుంచి వస్తుంది. భారత్ ఈ ఒప్పందాన్ని 2015లో ఆమోదించింది.
• లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. అకారణంగా ఓడను ఆపించారని తేలితే యజమానికి నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అందుకు సిద్ధమేనని కోర్టు ముందే పూచీ అడగొచ్చు. కాబట్టి కాగితాలు పక్కాగా ఉంచుకోండి. ఓడ రేవులో ఉండేది రెండు మూడు రోజులే కావచ్చు. అది వచ్చాక లాయరును వెతకడం కాదు, రాకముందే పిటిషన్ సిద్ధంగా ఉండాలి.