బడిలో వేసిన నాడు

అయిదవ యేడు వచ్చిన బిడ్డను ఏ బడిలో వేయవలెను, ఏ భాషలో చదివింపవలెను అను ప్రశ్న నేడు ప్రొద్దుటూరులోనైనను, పులివెందులలోనైనను వినవచ్చుచునే యున్నది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము, 1968లో జెనీవాలో ఏర్పడిన ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థతో ఒప్పందము చేసికొనినపుడు ఈ చర్చ పత్రికలకును ఎక్కినది. అయితే ఒక్క సీమలో పలుభాషల బడులుండుట మనకు క్రొత్త కాదు.

1800లో నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. ఇచ్చట ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో జిల్లాల వారీగా బడుల లెక్క తీయించెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చేరిన కడప జిల్లాలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు తేలిరి. వేదశాస్త్రములు నేర్వగోరు బ్రాహ్మణ బాలురు ఇల్లు విడిచి, దూరగ్రామములలోని గురువుల యొద్ద చేరి, ఆ యూరివారు పెట్టిన అన్నముతో చదువుకొనుచుండిరని కూడ ఆ నివేదిక తెలుపుచున్నది.

పొరుగుననున్న బళ్లారి లెక్క ఇంకను వివరమైనది. దానిని వ్రాసిన కలెక్టరు కాంబెల్ తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన దొర. ఆ జిల్లాలోని 533 బడులలో కన్నడమువి 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒకే ఒక్కటి. తక్కిన 23 బ్రాహ్మణులకు మాత్రమే ప్రవేశమున్న విద్యాస్థానములు. 6,641 మందిలో బాలికలు 60 మందియే యనిన సంగతిని, ఆ కాలమును మెచ్చుకొనువారు మరువరాదు.

బిడ్డను బడిలో వేయు తీరును కాంబెల్ ముచ్చటగా వర్ణించెను. అయిదవయేట పంతులును, బడిపిల్లలును ఆ ఇంటికి వత్తురు. వినాయకుని యెదుట బిడ్డను కూర్చుండబెట్టి, ధూపము వేసి, పంతులు వ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు దిద్దించును. తల్లిదండ్రులు శక్తి కొలది కానుక లిత్తురు. మరునాటి నుండి ఉదయము ఆరు గంటలకే బడి. మొదట వచ్చిన వాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవ వానికి సున్న. మూడవ వానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవ వానికి రెండు, ఆపైన వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ! పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని మద్రాసులో చూచి, డాక్టరు బెల్ ఇంగ్లండునకు కొనిపోయెను.

లోపమును కూడ కాంబెల్ దాచలేదు. పిల్లలు వల్లించు పద్యముల భాష వేరు, ఇంట మాటలాడు భాష వేరు. అర్థము తెలియకయే వందల పద్యములు అప్పగించుచుండిరట. అంటే తెలుగుబడిలోనే తెలుగు పిల్లవానికి చదువు పరభాషయైనది. నేటి ఇంగ్లీషు బడిని గూర్చి మన మాడుకొను మాటలలో సగము అప్పటికే పుట్టినవి.

బడులు క్షీణించుటకు ఆయన చెప్పిన కారణము భాష కాదు, బీదతనము. సీమనుండి దిగిన బట్టలవలన నేతగాండ్ర రాబడి పడిపోయి, పలువురు పిల్లలను చదివింపలేకపోయిరి. ఆ బడులలో ఒక్కదానికిని సర్కారు సాయము లేదనియు వ్రాసెను. మగ్గములకు పేరుపొందిన జమ్మలమడుగు వంటి యూళ్లలో ఈ మాట యెంత బరువైనదో ఊహింపవచ్చును. 1826లో మన్రో, తాలూకాకొక బడి పెట్టి పంతులునకు నెలకు తొమ్మిది రూపాయలిచ్చు ఏర్పాటు తలపెట్టెను. మరుసటి యేడే అతడు పత్తికొండలో మరణించెను; 1836లో ఆ బడులు మూతపడినవి.

కాంబెల్ లెక్కలో ప్రతి బడియు ఒక్కొక్క భాష క్రిందనే చేరినది. పలుభాషలు కావలసిన వాడు పలువురు గురువులను వెదకికొనవలసినదే. 1914లో జన్మించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు పెనుకొండలో పిట్ దొరసాని యొద్ద ఇంగ్లీషును, తిరుపతిలో సంస్కృతమును అభ్యసించిరి. పదునాలుగు భాషలు తెలిసినవారని వారికి పేరు. ప్రొద్దుటూరులో తెలుగు పంతులై, శివతాండవమును అచ్చటనే రచించిరి. విశ్వనాథవారి ఏకవీరను మలయాళమునకు అనువదించిరి.