గోదావరిఖని రెస్క్యూ టీమ్ నేర్పే పాఠం: సాయం చేయడానికి మంచి మనసు ఒక్కటే చాలదు

"అన్నా, ఆపదలో ఉన్నోళ్లకు సాయం చేసే ఫీల్డ్‌లోకి రావాలనుంది, ఎట్ల ప్రిపేర్ కావాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ మాట అనగానే మనకు ఐక్యరాజ్యసమితి, రెడ్‌క్రాస్, జెనీవా గుర్తొస్తాయి. కానీ ఈ పనిని దశాబ్దాలుగా చేస్తున్న మనుషులు మన గోదావరిఖనిలోనే ఉన్నారు. వాళ్లే సింగరేణి మైన్స్ రెస్క్యూ టీమ్. ఇవాళ వాళ్ల పని వెనకున్న చరిత్ర చూద్దాం.

ముందు ఫ్రాన్స్ వెళ్దాం. 1906 మార్చి 10న కూరియేర్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. అప్పటికి ఫ్రాన్స్‌కు, జర్మనీకి అస్సలు పడదు. అయినా జర్మనీలోని రూర్ ప్రాంతం నుంచి గని కార్మికులు ఊపిరి యంత్రాలు తీసుకుని సాయానికి వచ్చారు. ఇంకా పెద్ద షాక్ ఏంటంటే, లోపల ఇక ఎవరూ బతికిలేరని అనుకున్నాక, పేలుడు జరిగిన 20 రోజులకు 13 మంది తమంతట తామే దారి వెతుక్కుంటూ ప్రాణాలతో బయటికొచ్చారు. గనిలో సాయానికి ధైర్యం ఒక్కటే సరిపోదు, ముందే తయారుగా ఉన్న మనుషులు, యంత్రాలు కావాలని ఆ ఘటన గట్టిగా చెప్పింది.

మన దేశంలో 1959లో కోల్ మైన్స్ రెస్క్యూ రూల్స్ వచ్చాయి. వాటి స్థానంలో 1985లో మైన్స్ రెస్క్యూ రూల్స్ వచ్చాయి. సింగరేణికి రామగుండంలో రెస్క్యూ స్టేషన్ ఉంది. టీమ్‌లో ఉండేది ఎవరో కాదు, రోజూ బాయి దిగే కార్మికులు, సూపర్‌వైజర్లు, ఆఫీసర్లే. మెడికల్ టెస్ట్ పాసై, ట్రైనింగ్ తీసుకుని, తమ ఉద్యోగంతో పాటు ఈ బాధ్యత కూడా మోస్తారు.

ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారు? బాయిలో మంటలు అంటుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే దాదాపు 15 కిలోల ఊపిరి యంత్రం వీపుకు తగిలించుకుని, పొగ నింపిన గ్యాలరీలో, వేడిలో, చీకట్లో నడవడం, పాకడం, స్ట్రెచర్ మోయడం మళ్లీ మళ్లీ ప్రాక్టీస్ చేస్తారు. ఆ యంత్రం మనం వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ మనకే ఇస్తుంది. ఇప్పటి యంత్రాలు దాదాపు నాలుగు గంటలు పనిచేస్తాయి. టీమ్‌లో ఎవరికి ఆక్సిజన్ తక్కువ మిగిలిందో, ఆ ఒక్కరి లెక్క ప్రకారమే అందరూ వెనక్కి తిరగాలి. హీరోయిజానికి అక్కడ చోటే లేదు. కాపాడటానికి పోయినోడు పడిపోతే, కాపాడాల్సినోళ్ల లెక్కలో ఇంకొకరు పెరిగినట్టే కదా!

ఇంత ప్రిపేర్ అయినా ప్రతిసారీ గెలవరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి ఒక్కసారిగా నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో రూఫ్ కూలి ఏడుగురు చిక్కుకుంటే, నలుగురు బతికారు, ముగ్గురు చనిపోయారు. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు ఆర్మీ, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్‌తో పాటు సింగరేణి టీమ్‌లు కూడా వెళ్లాయి. బురద, నీళ్ల మధ్య వారాల తరబడి పనిచేశారు. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ప్రాణాలతో దొరకలేదు. అయినా వెంటనే పని ఆపలేదు. ఎందుకంటే బయట ఎదురుచూసే ఇంటోళ్లకు కనీసం చివరి చూపు దక్కాలి. అది కూడా మానవ సేవే.

గెలిచిన రోజులూ ఉన్నాయి. 1989 నవంబర్‌లో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్‌లోని మహాబీర్ గనిలో నీళ్లు నిండితే, పైనుంచి బోరు వేసి, స్టీలు క్యాప్సూల్‌ను లోపలికి దింపి 65 మందిని ఒక్కొక్కరిగా పైకి తెచ్చారు. ఇంజనీర్ జస్వంత్ సింగ్ గిల్ ఆ క్యాప్సూల్‌లో స్వయంగా కిందికి దిగారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. లోపల మనుషులు ఎక్కడున్నారో పైనున్నోళ్లకు తెలియకపోతే ఆ బోరు ఎక్కడ వేస్తారు? గని మ్యాపు కరెక్టుగా ఉండటం, పాత బాయిల్లో నీళ్లు ఎంతున్నాయో లెక్క ఉండటం, రూఫ్‌కు సపోర్ట్ సరిగ్గా పెట్టడం... ఇవన్నీ రెస్క్యూలో సగం పని. ఈ సగం గురించి ఎవరూ సినిమా తీయరు. ప్రాణాలు ఎక్కువ నిలబెట్టేది మాత్రం ఇదే.

మరి మనం ఏం చేయాలి? ముందు ఒక పని చేతికి రావాలి. నర్సింగ్, మైనింగ్, ఎలక్ట్రికల్, డ్రైవింగ్, మ్యాపింగ్, అకౌంట్స్... ఏదైనా సరే. వరదలొచ్చిన ఊళ్లో "నేను మంచోణ్ని" అనే వాడి కంటే పంపు రిపేర్ చేసేవాడు ఎక్కువ పనికొస్తాడు. రెండోది, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకోండి. గనుల్లో సర్దార్, ఓవర్‌మన్ పరీక్షలకు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ అడుగుతారు, ఊరికే కాదు. మూడోది, మీ జిల్లాలో ఆపద మిత్ర లాంటి వాలంటీర్ ట్రైనింగ్ ఉందేమో కనుక్కోండి. ఇంకా చదవాలనుకుంటే ముంబై టిస్‌లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ కోర్సు కూడా ఉంది.

జెనీవా తర్వాత పోవచ్చు. ముందు మీ వీధిలో ఎవరైనా కుప్పకూలితే అంబులెన్స్ వచ్చేదాకా ఏం చేయాలో తెలుసా? తెలియకపోతే ఈ వారమే నేర్చుకోండి. మీ ఇంట్లో బాయి పని చేసినోళ్లుంటే, రెస్క్యూ డ్యూటీ గురించి వాళ్లను అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!