కనుమనాడు ఎద్దుకుంది, పాలేరుకు లేదు

మంట దగ్గరికి జరగండి. పత్తికట్టె భగ్గుమని లేచి ఊరికే ఆరిపోద్ది, ఆ తుమ్మ మొద్దు ముందుకు నెట్టరా అబ్బాయ్. ఆ, ఇప్పుడు ఇనండి.

ఇందాక నువ్వు అడిగావు కదా తల్లీ, "ఆసుపత్రిలో నాకు ఆదివారాలే డ్యూటీ పడతంది తాతయ్యా, గుడికి పోకపోతే పాపమా?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ అసలు మన పాలెంలోకి ఆదివారం ఎట్లా వచ్చిందో తెలియకుండా ఆ జవాబు వింటే మీకు వంటబట్టదు. అది తేరగా వచ్చింది కాదు.

నా చిన్నప్పుడు ఇక్కడ మగాళ్ళలో శానామందివి ఆసాముల దగ్గర జీతాలే. ఏడాదికి ఇన్ని జొన్నలని మాట్లాడుకుని చేరేవాళ్ళు. కోడి కూయకముందే దొడ్లో పేడ ఎత్తాలి, చొప్ప నరికి వెయ్యాలి, కుడితి పెట్టాలి, అరక కట్టాలి. మళ్ళీ దీపాలు పెట్టినాక ఎడ్లకి మేత వేసిగానీ ఇంటికి రాకూడదు. ఒళ్ళు వెచ్చగా ఉండి ఒక్కరోజు పోకపోతే నాగా. నాగా పడితే జొన్నల్లో కోత. ఇక కనుమ పండగ చూడండి. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. నీళ్ళు పోసి, కొమ్ములకి రంగు పూసి, మెళ్ళో గంటలు కట్టి ఊరేగిస్తారు. పొద్దున్నే వాగుకి తోలుకుపోయి వాటి ఒళ్ళు రుద్దేది ఎవరు? పాలేరే. ఎద్దుకన్నా ఒకరోజుంది, ఈడికి అదీ లేదు.

మా నాయన ఈ పాలెంలో ఉపదేశి. బడిపంతులూ ఆయనే. ఒకరోజు రాత్రి లాంతరు పెట్టుకుని పది ఆజ్ఞలు చెప్తన్నాడంట. విశ్రాంతి దినం ఆజ్ఞ వచ్చింది. అందులో దేవుడు యజమానిని ఒక్కడినే పని మానమని ఊరుకోలేదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఆఖరికి ఇంటికొచ్చిన పరదేశి, అందరినీ పేరుపేరునా లెక్కపెట్టాడు. ద్వితీయోపదేశకాండంలో ఇంకో మాట కూడా ఉంది, మీరూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులే, మర్చిపోవద్దని. అది విని వెనకాల కూర్చున్న ముసలి పాలేరు ఒకాయన లేచి, "అయితే పంతులూ, దేవుడి లెక్కలో మాకూ కనుమ ఉందన్నమాట" అన్నాడంట. మా నాయన ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా, నేను చేసిన ప్రసంగాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకి సాటిరావు అనేవాడు.

ఈ మాట మన పల్నాడుకి తెచ్చింది లూథరన్ మిషను. ఫాదర్ హయ్యర్ పేరు మీరు విన్నదే కదా. జర్మనీలో పుట్టి అమెరికాలో పాదిరి అయి, 1842 జులై 31న గుంటూరులో అడుగు పెట్టాడు. తరవాత గురజాల వచ్చి ఇక్కడే కాపురం పెట్టి పనిచేశాడు. డెబ్భై దాటినాక, రాజమండ్రి పని ఆగిపోయేటట్టుందని తెలిసి, ఓడెక్కి మళ్ళీ వచ్చాడు మహానుభావుడు. మనకి దక్షిణాన ఒంగోలు బాప్టిస్టులు. వాళ్ళ క్లౌ దొరగారు సంఘంలో చేరేవాళ్ళకి ముఖ్యంగా మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. చూశారా, మూడింట్లో మొదటిది ఏందో! ఇవాళ మీకది చిన్న సంగతిగా కనపడుద్ది. ఆనాడు ఆసామి ముందు నిలబడి, "అయ్యా, రేపు నేను రాను" అనడమంటే ఎంత గుండె కావాలి!

రాననగానే ఊరుకుంటారా? తిట్లూ, జీతం తీసేస్తామని బెదిరింపులూ. శానా పల్లెల్లో చివరికి ఒక రాజీ కుదిరింది. పొద్దున చావిట్లో పని చేసొచ్చి, రాత్రిపూట ఆరాధన చేసుకునేది. అందుకే నా చిన్నతనంలో ఆదివారం ఆరాధనంటే లాంతరు కిందే. అలిసిపోయొచ్చిన మగాళ్ళు కీర్తన పాడతా పాడతా కునికేవాళ్ళు. పెద్దలెవరన్నా లేపబోతే మా నాయన వద్దనేవాడు. "వారానికి ఒకసారి దేవుడి ఇంట్లో నిద్రపడతంది, పడనియ్యండి."

మన గుడికి అప్పట్లో గంట లేదు. యాప చెట్టుకి రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనప కడ్డీతో కొట్టేవాళ్ళం. ఆ ఖణఖణ పొలాల అవతలిదాకా వినపడేది. శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం మూడుసార్లు. శనివారం గంట వినపడిందంటే మా అమ్మ చవిటిమన్ను వేసి గుడ్డలు ఉతికి ఆరేసేది. రోట్లో గోంగూర పచ్చడి రెండు పూటలకి సరిపోను నూరి జాడీలో పెట్టేది, కట్టెలు చీలికలు చేసి పొయ్యి పక్కన పేర్చేది. ఆదివారం రోలు ముట్టకూడదని ఆమె పంతం. ఇంట్లో మగాళ్ళు విశ్రాంతి అని మంచమెక్కి, ఆడదాన్ని పొయ్యి దగ్గర కూర్చోబెడితే ఆ ఆజ్ఞ సగమే పాటించినట్టు. ఆజ్ఞలో దాసుడితోపాటు దాసి కూడా ఉంది, గుర్తుపెట్టుకోండి.

మీ నాయనమ్మ బాప్టిస్టుల ఇంటి ఆడపడుచు. పెళ్ళైన కొత్తలో మా ఇద్దరికీ ఇదే గొడవ. నేను విశ్రాంతి దినం మూడో ఆజ్ఞ అనేవాణ్ణి, ఆమె కాదు నాలుగో ఆజ్ఞ అనేది. పిల్లలకి నేర్పేటప్పుడు నేనో నంబరు, ఆమె ఇంకో నంబరు. తప్పు ఇద్దరిదీ కాదు. విగ్రహాల మాటని మన లూథరన్లు మొదటి ఆజ్ఞలోనే కలిపేసి, చివర ఆశించొద్దన్న దాన్ని రెండు చేస్తాం. వాళ్ళు ముందు రెండు చేసి చివర ఒకటి చేస్తారు. ఎట్లా లెక్కపెట్టినా పదే.

మన లూథరన్లకి ఆ పేరు ఎవరివల్ల వచ్చిందో ఆ లూథరుగారు ఈ ఆజ్ఞ గురించి ఏం చెప్పాడో అదీ చెప్తా, ఎందుకంటే ఆయనకి విశ్రాంతి విలువ ఒళ్ళు హూనమైనాక తెలిసింది. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, రాత్రుళ్ళు జాగారాలు, చలికి వణకడాలు. పాపాలు ఒప్పుకోవడానికి కూర్చుంటే గంటల తరబడి లేచేవాడు కాదంట, వినే పెద్దాయన స్టౌపిట్స్‌కి విసుగొచ్చేదాకా. ఎంత చేసినా ఇంకా చాల్లేదేమోనని గుబులు. చివరికి రోమా పత్రిక చదవతా చదవతా తెలుసుకున్నాడు, దేవుడు నీతిని కూలి కింద కొలిచి పొయ్యడు, ఊరికే ఇస్తాడని. అప్పటికిగానీ ఆ మనిషి కుదుటపడలేదు.

1529లో రాసిన చిన్న కాటికిజంలో, అంటే విశ్వాసం నేర్పే పాఠపుస్తకంలో, ఈ ఆజ్ఞకి అర్థం చెప్తా పని గురించి ఎత్తనే ఎత్తడు. వాక్యాన్ని తేలిగ్గా చూడొద్దు, సంతోషంగా విని నేర్చుకోండి అంటాడు, అంతే. పెద్ద కాటికిజంలో మాత్రం, వారమంతా చాకిరీ చేసే పనివాళ్ళకి, పనిమనుషులకి ఒంటికి ఊపిరి తీసుకునే రోజు కావాలంటాడు. ఫలానా రోజే పవిత్రమని కాదు, అందరూ ఒకచోట చేరడానికి ఒక రోజుండాలి గనక పాత అలవాటు ప్రకారం ఆదివారం ఉండనియ్యండి అంటాడు. ఆ మరుసటి ఏడే, 1530లో, ఆయన కోబర్గ్ కోటలో తలదాచుకుని ఉన్నాడు. స్నేహితుడు మెలాంక్తన్ ఆగ్స్‌బర్గ్‌లో విశ్వాస ప్రమాణం రాయలేక రాత్రింబగళ్ళు కిందామీదా పడతన్నాడు. లూథరు ఆయనకి జాబు రాశాడు, ముందు ఒళ్ళు కాపాడుకో, ఊరికే కూర్చుని కూడా దేవుణ్ణి సేవించొచ్చని. సంఘం చావుబతుకుల్లో ఉన్నప్పుడు రాసిన మాట అది.

నా జీవితమంతా గుళ్ళో నిలబడి నేను చెప్పింది ఇదొక్కటే. మనం విశ్రాంతిని చేసిన పనికి కూలి అనుకుంటాం. కష్టపడ్డా గనక పడుకుంటా అంటాం. బైబిల్లో లెక్క ఎదురు. ఆదికాండంలో రోజు సాయంకాలంతో మొదలవుద్ది. మనిషిని ఆరో రోజున చేశాడు, ఆ మనిషి చూసిన మొదటి పూర్తి రోజు విశ్రాంతి దినం. గడ్డి పోచ కూడా పీకకముందే ఆదాముకి సెలవు దొరికింది. దూడ కుడవందే ఆవు చేపదు కదా, అట్లాగే ముందు దేవుడి దగ్గర తాగి, ఆ తరవాత పనిలోకి పోవాలి. విశ్వాసం ముందు, క్రియలు తరవాత అని మనం అంటామే, అది ఇదే.

ఆ లెక్క మర్చిపోతే ఏమవుద్దో మన దగ్గరే చూడండి. నాగార్జున సాగరు నీళ్ళు రాకముందు పల్నాడు మెట్ట పొలాలకి ఎండాకాలం తప్పనిసరి సెలవు. 1967లో కాలవలకి నీళ్ళు వదిలినాక ఆ సెలవు పోయింది. మిరప, పత్తి, వరి, ఒకటైతే ఒకటి. చేతికి డబ్బులొచ్చినయ్, కాదనను. కానీ ఆసామికీ నిద్ర పోయింది, కూలికీ పోయింది. ఇప్పుడు మీ చేతుల్లో ఆ ఫోన్లొకటి, అర్ధరాత్రి కూడా మేస్త్రీ లాగా తలకాడే నిలబడి ఉంటయ్.

ఇక నీ సంగతి తల్లీ. గుంటూరులో మన కుగ్లర్ ఆసుపత్రి ఉంది చూడు, 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్‌ది. కాన్పు నొప్పులు ఆదివారమని ఆగినయ్యా ఎప్పుడన్నా? యేసు ప్రభువు విశ్రాంతి దినాన రోగుల్ని బాగుచేసే కదా పరిసయ్యుల చేత తిట్లు తిన్నాడు. నీకు పాపం లేదు. కానీ మంగళవారమో బుధవారమో నీకొచ్చే సెలవుని ఓవర్‌టైముకి అమ్ముకోమాకు. ఆ రోజు వాక్యం చదువుకో, కడుపునిండా తిను, పడుకో. సాయంత్రం ప్రార్థన అయినాక వెంటనే సంతోషంగా నిద్రపోమని లూథరుగారు కాటికిజంలోనే రాశాడు. అదీ భక్తే.

నువ్వు నవ్వుతన్నావేంరా అబ్బాయ్? నీకూ ఉంది. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పెట్టావు, మంచిదే. ఆదివారం నువ్వు తెల్ల చొక్కా వేసుకుని ముందు బల్ల మీద కూర్చుంటావు, కానుక పళ్ళెంలో పెద్ద నోటు వేస్తావు. మరి ఆ కారం ఘాటులో మూతికి తువ్వాలు కట్టుకుని టిక్కీలు మోసే హమాలీలకి వారానికి ఒకరోజన్నా ఉందా? జీతం కొయ్యకుండా? ఆసామి చేసిన పని మనం కూడా చేస్తే మీ ముత్తాత రైలు పట్టా మోగించింది ఎందుకు? మాటలు తరవాత. రేపు పొద్దున్నే పోయి ఆ హాజరు పట్టీ నాకు తెచ్చి చూపించు.