కల్లం దగ్గర తేలిన విశ్వాసం

ఒంగోలు క్రైస్తవుల చరిత్ర రాసినవాళ్లలో చాలామంది ప్రార్థన కొండతోనే మొదలుపెడతారు. 1854 జనవరి 1న పొద్దు పొడిచే వేళ మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లయినా చేరినవాళ్లు చాలా కొద్దిమంది. అమెరికాలోని పెద్దలు ఈ పని మూసేద్దామా అని అంతకు ముందు సంవత్సరమే తర్జనభర్జన పడ్డారు. ఈ ముచ్చట మా ఊళ్లో సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. నాకు మాత్రం మా వాళ్ల కథ కొండ మీదకంటే కల్లం దగ్గరే బాగా అర్థమవుతుంది.

కల్లం అంటే మాదిగపల్లెకు ఏడాది బతుకు. రైతుకు చెప్పులు కుట్టాలి, ఎద్దులకు పలుపులూ వార్లూ చేయాలి, కపిల తోలే బావికి తోలు బాన కట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి, అమ్మవారి కొలుపులో డప్పు కొట్టాలి. ఇన్ని చేస్తే నూర్పిళ్లప్పుడు రైతు మేర కొలిచేవాడు. ఆ గింజలు ఆగిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఊరికీ పల్లెకూ మధ్య కాగితం మీద లేని ఒప్పందం అది. రాసి లేదు కాబట్టి పల్లెవాడు ఫిర్యాదు చేసుకునే చోటు కూడా లేదు.

ఆ ఒప్పందానికి మొదటి బీట పడమటి మెట్టలో పడింది. తాళ్లకొండపాడు గ్రామంలో యెర్రగుంట్ల పేరయ్య అని తోళ్ల వ్యాపారి ఉండేవాడు. రాజయోగం ఉపదేశించే గురువుల దగ్గర అంతకుముందే శిష్యరికం చేసినవాడు, విగ్రహారాధన మీద మనసు విరిగినవాడు. తోళ్ల కోసం ఉత్తరాదికి తిరుగుతూ ఏలూరులో క్రీస్తు బోధ విన్నాడు. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య అప్పటికే వెతుకులాటలో ఉన్న మనిషి. దొరలు వచ్చి మనవాళ్లకు కొత్తగా దేవుణ్ణి పరిచయం చేశారన్నట్టు రాస్తుంటారు గాని, మా పల్లెల్లో ఆ నేల ముందే దున్ని ఉంది.

అదే సంవత్సరం అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే ఆయన తాళ్లకొండపాడు వెళ్లి, పేరయ్య పోగుచేసిన జనంలో 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. అక్కడ మొదలైంది చిక్కు. దొర బడికి పెద్ద కులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామన్నారు వాళ్ల పెద్దలు. క్లౌ దంపతులు మాదిగలనే చేర్చుకున్నారు, ఆ పిల్లలు బడి మానేశారు. చదువుకున్నవాళ్లు ముందు వస్తే మిగతావాళ్లు వెనకాలే వస్తారన్న మిషనరీ లెక్క ఒంగోలులో అలా తారుమారైంది.

చేరినవాళ్ల ముందు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చాలా చిన్నవి. త్రిత్వం గురించీ, రక్షణ సిద్ధాంతం గురించీ అక్షరం రాని ఆ మనుషులకు ఎంత తెలిసిందో నేను చెప్పలేను కానీ, ఈ మూడు మాత్రం మర్నాటి పొద్దున్నే ఊళ్లో అందరి కంటా పడ్డాయి. ఆదివారం రానన్నవాడికి కల్లంలో మేర ఎగ్గొట్టారు. కొలుపుకు డప్పుతో రానన్న పల్లె మీద కరణం, మునసబు కత్తికట్టారు. బావి దగ్గరికి రానివ్వలేదు, ఊరి వీధుల్లో నడవనివ్వలేదు, లేని నేరాలు మోపి కచేరీకి ఈడ్చారు. అంతకుముందు ఎవరు ఎంత తిట్టినా తలవంచుకుని పోయిన మనిషి ‘ఆదివారం కుదరదయ్యా, సోమవారం వస్తాను’ అనడం నేర్చుకున్నాడు. ఒక వ్యక్తిత్వం తయారవడమంటే ఇదేనని నా నమ్మకం. మిషన్ రిపోర్టులు దీన్ని భక్తి అన్నాయి. ఊరు దీన్ని పొగరు అంది. రెండు మాటలూ ఒకే సంగతి గురించి.

చచ్చిన గొడ్డు మాంసం నియమం బరువు ఈ కాలం వాళ్లకు అంత తొందరగా అందదు. పస్తులుండే ఇంటికి అది తిండి. పైగా ఊళ్లో పశువు చస్తే, తోలు కోసం మాదిగే మందు పెట్టాడన్న అనుమానం ఎప్పుడూ ఉండేది. చచ్చిన గొడ్డును ముట్టనన్నవాడు తిండితో పాటు ఆ నిందనూ వదిలించుకున్నాడు.

డప్పు విషయంలో మాత్రం నేను మా పెద్దలతో ఏకీభవించను. కొలుపులో వెట్టికి కొట్టనని చెప్పడం ఆత్మగౌరవమే. కానీ ఆ జోరులో వాద్యాన్నే అపవిత్రం చేసి, తరాల విద్యను అటక మీదికి ఎక్కించారు. తబలా, హార్మోనియం గుడిలోకి వచ్చాయి గాని డప్పు చాలాకాలం గుమ్మం బయటే ఉండిపోయింది. చివరికి 1994 జులై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలై, డప్పు మళ్లీ తలెత్తుకుని వీధిలోకి వచ్చింది.

మళ్లీ క్లౌ కాలానికి వస్తే, ఆ నియమాల తర్వాత వచ్చింది ధాత కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి, 1878 దాకా జనం రాలిపోయారు. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి మోసినవాళ్లు అన్నం తిన్నాక ఆ మేస్త్రీల చుట్టూ చేరి బోధ వినేవారు. కూటి కోసం మతం మారారన్న మాట అప్పుడు పుట్టిందే, ఇప్పటికీ వింటుంటాం. వాదించను గాని రెండు సంగతులు చెబుతాను. సహాయం పంచినన్నాళ్లూ, పదిహేను నెలలపాటు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ముగిసింది, ఇక ఇళ్లకు వెళ్లమని చెప్పినప్పుడు కూడా వాళ్లు కదల్లేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అంటూ కాలువ పనిలో బొబ్బలెక్కిన చేతులు చూపించారని ఆయన జ్ఞాపకాల్లో ఉంది.

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్లలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్లలో దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చారు. అందరూ తెలుగువాళ్లే. క్లౌ నదిలోకి దిగలేదు. రెండో రోజు లెక్కను మా పాస్టర్లు గర్వంగా చెబుతారు. దానికంటే ఆ ఆరుగురి సంగతే నాకు పెద్దదిగా తోస్తుంది. వెట్టి పిలుపు తప్ప వేరే పిలుపు ఎరగని పల్లె నుంచి వచ్చినవాళ్లు, అంత జనం ముందు అధికారంతో చెయ్యెత్తి నిలబడ్డారు.

మిగతాదంతా చిన్న చిన్న అలవాట్లలో స్థిరపడింది. మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజు పిడికిలి కాస్త చిన్నదయ్యేది గాని వేయడం మానేది కాదు. ఆదివారం ఆ బియ్యం, పెట్టిన గుడ్లు, అప్పుడప్పుడు ఒక కోడిపిల్ల, కానుకలుగా ముందుకు వచ్చేవి. ఆరాధన అయ్యాక వేలం. గుడ్డు ధర సంతకంటే ఎక్కువ పలికినా ఎవరూ గొణిగేవారు కాదు. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగనివ్వని బతుకులో, ఇచ్చేవాడిగా నిలబడటానికి పల్లెవాడికి దొరికిన చోటు అది. తాగి భార్యను కొట్టినవాణ్ణి సంఘ పెద్దలు ప్రభువు బల్లకు దూరం పెట్టేవారు. నెలల తరబడి వెనక చాప మీద కూర్చుని, చివరికి అందరి ముందు లేచి ఒప్పుకుంటేగాని ముందుకు రానిచ్చేవారు కాదు. ఇప్పటివాళ్లకు అది మోటుగా అనిపించవచ్చు. పోలీసు స్టేషన్ మెట్లెక్కే ధైర్యం లేని ఆడవాళ్లకు మాత్రం ఆ శిక్ష అక్కరకొచ్చింది. చదువు సంగతి చెప్పనక్కర్లేదు. బైబిల్ స్త్రీలు ఇంటింటికీ తిరిగి అక్షరాలు దిద్దించారు, వాళ్ల మనవరాళ్లు నర్సులూ టీచరమ్మలూ అయ్యారు.

అయితే కులం ముందు మా విశ్వాసం చాలాచోట్ల చతికిలబడింది. మాలలకో గుడి, మాదిగలకో గుడి ఉన్న ఊళ్లు మా చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారం ఒకే రొట్టె విరిచినవాళ్లు సోమవారం పెళ్లి సంబంధం దగ్గర కులం అడుగుతారు. కట్నం పాస్టరుగారి ఇంట్లోనూ నడుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ జాబితాలో ఉండడు. మన రాష్ట్రంలో ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీలో పడతాడు. అందుకే గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. అబద్ధమాడరాదని నేర్పిన మతానికి వచ్చినవాడి చేత అబద్ధమాడిస్తున్నది ఈ చట్టమే. ముందు తప్పు దానిదే. కానీ దీని గురించి గుడిలో నోరెత్తని మా పెద్దల తప్పు కూడా తక్కువది కాదు.

ఈ లోపాలన్నీ ఉన్నా ఎదురు చెప్పే ధైర్యం మాత్రం నిలిచింది. 1985 జులైలో కారంచేడులో చెరువు నీళ్లు పాడుచేయవద్దని అడ్డుపడ్డ మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ధైర్యానికి మతమొక్కటే కారణమనడం అన్యాయం. చదువు, ఓటు, కాలం అన్నీ కలిశాయి. అయినా ‘కుదరదు’ అనే మాట మా ప్రాంతపు పల్లెల నోట మొదట పలికించినవాటిలో ఆ మూడు నియమాలు ఉన్నాయని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇంతా రాశాక పాఠకులకు, ముఖ్యంగా ఒంగోలు, కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు సంఘ పెద్దలకు ఒక మనవి. మీ గుడి బీరువాలో పాత బాప్తిస్మ రిజిస్టర్లు, సంఘ మినిట్సు పుస్తకాలు ఉంటే చెదలకు వదలకండి. గుడి కొత్తగా కట్టేటప్పుడు పాత కాగితాలతో పాటు పారేయకండి. కరణం లెక్కల్లో మన ముత్తాతలు కూలీలుగా తప్ప కనబడరు. పేరుతో, ఊరుతో, తండ్రి పేరుతో వాళ్లను మనుషులుగా రాసిన పుస్తకాలు మనకు దాదాపు అవే. ఫోనుతో అయినా ఒక్కో పేజీ ఫొటో తీసి దాచండి.