చదివి చెప్పేవాళ్లు

తెలుగు గ్రంథాలయోద్యమ చరిత్రను సాధారణంగా స్థాపన తేదీలతో చెబుతుంటారు. 1886లో విశాఖపట్నంలో మంతిన ఆదినారాయణమూర్తి పెట్టిన సరస్వతీ నిలయం, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో మొదలై సారస్వత నికేతనంగా ఎదిగిన యువజన సంఘం. ఈ వరస తెలియాల్సిందే. కానీ అది ఒక ప్రశ్నను దాటవేస్తుంది. 1911 జనగణన నాటికి మద్రాసు రాజధానిలో నూటికి పదిమందికైనా చదవడం రాదు. నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకా అధ్వాన్నం. అలాంటి జనం మధ్య పల్లెపల్లెకూ గ్రంథాలయం ఎలా పాకింది? బీరువాలో పుస్తకం ఉన్నంత మాత్రాన జరిగే పని కాదిది. తాను చదువుతున్నదాన్ని నలుగురికీ వినిపించి, బాగుంది మీరూ చూడండి అని వెంటపడే మనిషి ఊరికొకరు ఉండబట్టే ఆ ఉద్యమం నిలిచింది. గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోసింది ఆ మనిషే. మనం పోగొట్టుకున్నదీ ఆ మనిషినే.

ఆ మనిషి ఉద్యమంతో పుట్టినవాడు కాదు. అచ్చు యంత్రం రాకముందే మన ఊళ్లలో పురాణ కాలక్షేపం ఉంది. ఒకరు భాగవతమో భారతమో చదువుతారు, అర్థం చెబుతారు, చుట్టూ కూర్చున్నవాళ్లు అడుగుతారు, వాదిస్తారు, మర్నాడు మళ్లీ వస్తారు. అక్షరం రాని మనిషి నోట పోతన పద్యం పలికిందంటే అది ఈ వినికిడి వల్లే. అచ్చుపుస్తకం, వార్తాపత్రిక వచ్చాక కూడా అలవాటు పోలేదు. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రిక అయిన తరువాత దాన్ని కళ్లతో చదివినవాళ్లకంటె అరుగుల మీద, రచ్చబండల దగ్గర చెవులతో చదివినవాళ్లే ఎక్కువ. అదే ఏడాది ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటి నుంచీ చూపు మందగించిన ఆయన చదువులో చాలా భాగం ఇతరులు చదివి వినిపించగా సాగిందే. పుస్తకాన్ని చెవితో అందుకున్న మనిషి దేశపు తొలి గ్రంథాలయ సభల్లో ఒకదానికి అధ్యక్షుడు కావడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. చదువు ఎలా పంచుకోవాలో ఆ సభలో ఆయనకంటె బాగా తెలిసినవారెవరు?

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు వేంకటలక్ష్మణరావు జీవితం కూడా ఈ మాటే చెబుతుంది. ఆయన నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ ఇంట ఉండి చదువుకున్నారు. బడి ముఖం చూడని అచ్చమాంబ తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. తరువాత తెలుగులో స్త్రీల చరిత్రలు రాసింది, ఊళ్లు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ఒక ఇంట్లో ఒక విద్యార్థి పాఠం ఇద్దరి చదువైతే ఏం జరుగుతుందో లక్ష్మణరావు దగ్గరుండి చూశారు. 1906లో ఆయన మిత్రులతో కలిసి ప్రారంభించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చందాదారుల మీద ఆధారపడి నడిచింది. అంటే పుస్తకం అచ్చుకాకముందే దాన్ని చదువుతామన్న మనుషులు ఉండాలి. చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్ర వంటి కొత్త విషయాలకు అలాంటి మనుషులు ఊరికే దొరకరు. చదివినవాడు పొరుగువాడికి చెబితేనే చందాదారు పెరుగుతాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర తెలుగువాళ్ల చేతుల్లోకి వెళ్లింది ఈ దారినే.

తెలంగాణలో ఈ పనిని ఒంటిచేత్తో చేసి చూపించినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఇళ్లలో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్న ఆ మనిషి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు వేయించడంతో ఆగలేదు. వాటిని తానే మోసుకుని ఊళ్లు తిరిగారు, చదివేవాళ్లను వెతికి పట్టుకున్నారు, ఏది ఎందుకు చదవాలో చెప్పి చేతిలో పెట్టారు. అటు గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. పుస్తకం కోసం జనం రావాలని వీళ్లు ఎదురుచూడలేదు. మనిషితో పాటు పుస్తకం వెళ్లింది. పుస్తకం ఒక్కటే వెళ్లి ఉంటే కాలువ గట్టు మీది రైతు దాన్ని తెరిచేవాడని నేననుకోను.

ఇదంతా జాతీయోద్యమ ప్రచారమే తప్ప చదువు మీద ప్రేమ కాదని అనేవాళ్లున్నారు. రాజకీయం లేదని ఎవరూ అనలేరు. గాంధీజీ 1929లో వేటపాలెం వచ్చింది ఊరికే కాదు. కానీ నిజాం ప్రభుత్వం ప్రవర్తన చూడండి. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 నీడలోనే తెలంగాణ గ్రంథాలయాలు బతకాల్సి వచ్చింది. అల్మారాలోని పుస్తకం ఏ ప్రభుత్వాన్నీ భయపెట్టదు. దాన్ని ఒకరు చదివితే పదిమంది విని మాట్లాడుకునే చోటు భయపెడుతుంది. ఆనాటి అధికారులకు గ్రంథాలయం అంటే ఏమిటో బాగానే తెలుసు.

ఇంతకంటె బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. చదివి చెప్పే మనిషి ఎవరు? చాలా ఊళ్లలో అగ్రకులాల మగవాడు. ఏది మంచి పుస్తకమో అతడే తేల్చాడు. అతడు కూర్చున్న అరుగు మీదికి మాలమాదిగలను రానివ్వలేదు. ఈ నింద నిజం, దాన్ని తగ్గించి చెప్పకూడదు. అయితే దాని జవాబు కూడా ఆ కాలంలోనే ఉంది. దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ 1906లో హైదరాబాదులో జగన్ మిత్రమండలి పెట్టి హరికథల ద్వారా తన వాళ్లలో జ్ఞానం పంచారు. చదివి చెప్పే పద్ధతిని ఆయన వదులుకోలేదు, దాన్ని తన వాళ్ల చేతికి తెచ్చారు. తప్పు పద్ధతిలో లేదు, దాన్ని కొందరే గుప్పిట పెట్టుకోవడంలో ఉంది. పెద్దలు మెచ్చిన పుస్తకమే పుస్తకమన్న పెత్తనాన్ని మాత్రం చివరికి పాఠకులే విరగ్గొట్టారు. 1960ల నుంచి రెండు మూడు దశాబ్దాలు వారపత్రికల సీరియళ్ల కాలం. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రిక ఒక ఇంట్లో కొంటే వాడకట్టంతా తిరిగేది. ఈ వారం ఏమైంది, వచ్చే వారం ఏమవుతుంది అన్నది నీళ్ల పంపు దగ్గర, ఆఫీసు క్యాంటీనులో చర్చ. సీరియల్ కాగితాలు చింపి, వరసగా పెట్టి, బైండు చేయించి దాచుకున్న ఇళ్లెన్నో. యద్దనపూడి, యండమూరి నవలలు అద్దెకిచ్చే దుకాణాల్లో ఎవరికి ఏది నచ్చుతుందో దుకాణదారుకు నోటికి వచ్చేది. సాహిత్య విమర్శకులు ఈ చదువును చిన్నచూపు చూశారు, అది పొరపాటు. గ్రంథాలయోద్యమం అరుగు మీద చేసిన పనిని ఆడవాళ్లు వంటింటి గుమ్మంలో, గోడకు ఇటూ అటూ నిలబడి కొనసాగించారు, ఎవరి అనుమతీ అడగకుండా.

ఇక ప్రభుత్వం సంగతి. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాదు చట్టం, రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం వచ్చాయి. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్లే ఏర్పాటు వల్ల జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు నిలబడ్డాయి. దాతల మీద ఆధారపడ్డ పాత గ్రంథాలయాలు ఎన్ని మూతపడ్డాయో చూస్తే ఈ చట్టం చేసిన మేలు తెలుస్తుంది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ చట్టం భవనానికి, పుస్తకాలకు, జీతానికి దారి చూపింది, చదివి చెప్పే మనిషికి చోటు చూపలేదు. ఇవాళ చాలా శాఖల్లో ఉదయం దినపత్రికలు, ఆపైన పోటీపరీక్షల పుస్తకాల ముందు నిశ్శబ్దంగా వంగిన తలలు. ఆ పిల్లల అవసరం నిజమైనదే, వాళ్ల బల్ల వాళ్లకుండాలి. కానీ వారానికో సాయంత్రం, ఒక గంట, ఒకరు తాము చదువుతున్న పుస్తకం గురించి పెద్దగా మాట్లాడే ఏర్పాటుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పద్దు అక్కర్లేదు. మీ ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను ఉంది. ఆ హక్కుతో మీ ఊరి శాఖకు వెళ్లండి, గ్రంథపాలకుణ్ణి ఆ గంట అడగండి, చదువుతున్న పుస్తకం వెంట తీసుకెళ్లండి.